వెనక్కి వేసిన చేప

పెళ్ళి కుదిరి రూము ఖాళీ చేసే రోజున ఉమాశంకర్‌కి మిగతా ముగ్గురూ కలిసి ఇచ్చిన కానుక ఒక చేప. స్టీలు సామాను కొందామని నవీన్ కుమార్ అన్నాడు. గోడ గడియారం బాగుంటుందని జోజప్ప మాస్టారు అన్నాడు. ఆ రెండూ వినిపించుకోకుండా సీతారామాంజనేయులు లేచి అక్వేరియం దగ్గరికి వెళ్ళి, నీలం ఒంటికి ఎర్రంచు తోక ఉన్న ఫైటర్ చేపని గాజుగ్లాసుతో మెల్లగా ముంచి తీసి, ఊరగాయ పెట్టుకునే పెద్ద సీసాలోకి వదిలాడు. "నీ పేరు పెట్టిందే కదరా. నీతోనే తీసుకుపో" అన్నాడు.

నలభై మూడు రోజులయ్యాక, ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున, ఆ సీసానే ఒళ్ళో పెట్టుకుని ఉమాశంకర్ ఆటోలో మధిర రోడ్డు మీది మేడగదికి తిరిగొచ్చాడు.

తిరువూరులో ఆ గదిని బ్రహ్మచారుల మేడ అనేవాళ్ళు. మొదట్లో సరదాకే అన్నారు. నలుగురికీ ముప్పై అయిదు దాటాక సరదా పోయి పేరొక్కటే మిగిలింది. నలభై రెండేళ్ళ సీతారామాంజనేయులు కరెంటు లైన్‌మన్. జోజప్ప ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతాడు. నవీన్ కుమార్ బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు. ఉమాశంకర్ ఎరువుల కొట్లో గుమాస్తా. పెళ్ళిచూపులకి వెళ్ళడం, ఆడపిల్లవాళ్ళు కబురు చేస్తామనడం, ఆ కబురు రాకపోవడం నలుగురికీ ఎంతగా అలవాటైపోయిందంటే, ఎవరైనా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరితే ఎక్కడికని అడగడం మిగతావాళ్ళు ఎప్పుడో మానేశారు.

ఆ గదికి వేరే పేరు తెచ్చింది అక్వేరియం. మగ ఫైటర్లు రెండు ఒక నీళ్ళలో ఉండవని చేపల కొట్టు మొహం చూసిన ప్రతివాడికీ తెలుసు. గ్లాసుకొకటి చొప్పున పోసి, గ్లాసుల మధ్య అట్టముక్క అడ్డం పెట్టి అమ్ముతారు. ఆంజనేయులు దగ్గర మాత్రం ఏడు మగ ఫైటర్లు ఒకే నీళ్ళలో తిరిగేవి. బంధువులొస్తే తీసుకొచ్చి మరీ చూపించేవాళ్ళు చుట్టుపక్కల. అందులో మాయేం లేదు. ఆ ఏడూ ఒక్క తల్లి గుడ్లవి. మేడ మీద సిమెంటు తొట్టిలో పుట్టిన దగ్గర్నించి ఒక్క పూట కూడా విడిగా ఉన్నవి కావు. ఎండు బాదం ఆకులు నానేసి నీళ్ళని పలచటి టీ రంగులో ఉంచేవాడు ఆయన. ఆ మసకలో అవి ఎదురుపడేవి, మొప్పలు విప్పేవి, అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఎటువి అటు తప్పుకునేవి.

"అలవాటు మీద బతుకుతున్నాయిరా, ప్రేమ మీద కాదు" అనేవాడు ఆంజనేయులు. "ఒకదాన్ని బయటికి తీశామా, తీసినట్టే. మళ్ళీ లోపల వెయ్యకూడదు. తిరిగొచ్చిన దానికి ఇవెవరో తెలీదు, వీటికి అదెవరో తెలీదు."

చేపని కానుకిచ్చిన రోజున ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. పెళ్ళి చేసుకుని వెళ్ళినవాడు తిరిగొస్తాడని ఎవరనుకుంటారు?

ఉమాశంకర్ సీసాని టేబుల్ మీద పెట్టాడు. పెట్టె కిందికి దించలేదు, పట్టుకునే నిలబడ్డాడు. అతని మంచం ఉండే కిటికీ పక్క చోటులో ఇప్పుడు జోజప్ప మంచం ఉంది. జోజప్ప అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా ఇంకా మార్చలేదు. ఒక్కసారి సీసా వంక చూసి, ఏమీ అనకుండా మంచాన్ని గోడవైపుకి లాగడం మొదలుపెట్టాడు.

"వద్దు మాస్టారూ, ఉండనీండి."

"అబ్బే, ఇక్కడ ఎండ కొడుతోందయ్యా. నేనే జరుపుదామనుకుంటున్నా."

ఆ పొద్దున అక్కడ ఎండ లేదు. ఆ మర్యాద ఉమాశంకర్‌కి గుచ్చుకుంది. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. పదేళ్ళు ఈ గదిలో అతనికి ఎవరూ మంచం జరిపి చోటివ్వలేదు, ఇవ్వాల్సిన అవసరం రాలేదు. చుట్టానికే చోటు జరుపుతారు.

నవీన్ కుమార్ స్నానం చేసి తువ్వాలుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం బావా, ఇద్దరికీ హనీమూను అయిపోయిందా?"

ఎవరూ నవ్వలేదు. అన్నాక గాని ఏమన్నాడో నవీన్‌కి తెలిసినట్టు లేదు, మొహం మాడిపోయింది. దాన్ని కప్పుకోవడానికి తొందరగా టేబుల్ దగ్గరికొచ్చి సీసా మీద వేలితో తట్టాడు. "వీడెంత బలిశాడు చూడు! ఆంజనేయులన్నా, సీసాలో ఎందుకు వీణ్ణి ఇరికించడం, వేసెయ్ లోపల. వాడి ఇల్లే కదా."

ఆంజనేయులు అక్వేరియం ముందు పీటమీద కూర్చుని ఉన్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. ఆయన అనబోయిన మాట నలుగురికీ తెలుసు, ఏళ్ళ తరబడి విన్నదే. కానీ ఆ మాట ఇప్పుడంటే చేప గురించి అన్నట్టు ఉండదు. పెట్టె పట్టుకుని నిలబడ్డవాడి మొహం మీద అన్నట్టుంటుంది. జోజప్ప దిండు గలేబు సర్దుతూ తల ఎత్తలేదు.

ఉమాశంకర్ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. వద్దనే ధైర్యం అతనికి లేదు. ముందు రోజే రెడ్డిగూడెం నుంచి అన్న సురేష్ బాబు ఫోనులో తేల్చి చెప్పాడు: "ఇక్కడికి మాత్రం రాకురా. పిల్లకి సంబంధాలు చూస్తున్నాం. పెళ్ళాం వదిలేసిన బాబాయి గుమ్మంలో కూర్చునుంటే ఎవడు గడప తొక్కుతాడు?" కోపంగా అనలేదు, బతిమాలినట్టు అన్నాడు. ఇక ఈ గది కాకపోతే అతనికి మరో చోటంటూ లేదు. టేబుల్ మీద విడిగా సీసా ఉన్నన్నాళ్ళూ గదిలో విడిగా తనూ ఉంటాడు. వచ్చేపోయేవాళ్ళు ఆ సీసా ఎందుకు పక్కన పెట్టారని అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది.

"నీ ఇష్టం అన్నా" అన్నాడు.

ఆంజనేయులు సీసా దగ్గరికి వంగి చూశాడు. "నెలన్నర... అదీ ఒంటరిగా. దీనికి అద్దం గానీ చూపించావా ఎప్పుడైనా?"

"లేదన్నా."

మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది.

నాగలతతో కాపురం పెట్టిన రెండు గదుల వాటాలో గడ్డం గీసుకునే అద్దం ఒకటుండేది. నాగలతది నెమలి అనే ఊరు. మంచి పిల్ల, ముప్పై నాలుగేళ్ళు, తనూ చాలా ఏళ్ళు ఎదురుచూసి వచ్చిన మనిషి. సాయంత్రం అతను కొట్టు నుంచి వస్తే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని అతని వంక చూసేది. తప్పుగా చూసేది కాదు. మాట్లాడతాడేమోనని చూసేది. పదేళ్ళు నలుగురు మగాళ్ళ మధ్య, అందరూ కలిసి అక్వేరియం వంకో, ఫోను వంకో చూసే గదిలో బతికినవాడికి, తనని ఒక్కణ్ణే చూసే రెండు కళ్ళ ముందు ఎలా కూర్చోవాలో తెలియలేదు. ఆ కళ్ళు ఏదో అడుగుతున్నట్టు ఉండేవి. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదనిపించేది. ఆ ఏమీలేనితనం అక్కసుగా మారేది. అప్పుడు లేచి అద్దం తెచ్చి సీసాకి ఆనించేవాడు. చేప తన నీడని చూసి నల్లబడేది. మొప్పలు పళ్ళేల్లా విచ్చుకునేవి, తోక విసనకర్రలా నిలబడేది, గాజుని ఢీకొట్టేది. తను ఎవరి మీదా చూపలేని అక్కసు అది చూపిస్తుంటే అతని గుండెల్లో బిగుసుకున్నదేదో సడలేది. హాయిగా ఉండేది.

ముప్పయ్యో రోజున నాగలత బట్టలు సర్దుకుంటూ అంది: "ఆ చేపకి అద్దం పెట్టేటప్పుడు తప్ప మీరు నవ్వగా నేను చూళ్ళేదండీ. నాకు భయంగా ఉంది." అంతకంటే నింద వెయ్యలేదు. ఆ తర్వాత పదమూడు రోజులు అతను, చేప, అద్దం. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి.

ఇదంతా ఆంజనేయులుకి చెబితే ఆయన సీసాకి మూతపెట్టి పైన అటక మీద పెడతాడు. చెప్పలేదు.

అద్దం చూపించలేదన్న మాట మీద నమ్మకంతో ఆంజనేయులు చెయ్యగలిగిందంతా చేశాడు. లోపలి రాళ్ళనీ మొక్కల్నీ తీసి వేరే చోట్ల పెట్టాడు, ఎవరి చోటు ఏదో ఏ చేపకీ గుర్తుండకూడదని. కొత్తగా బాదం ఆకులు వేశాడు. సీసాని అరగంటసేపు నీళ్ళ మీద తేలనిచ్చి, లైటు తీసేసి, మెల్లగా వంచాడు. నీలం చేప జారి ఆకుల కిందికి పోయింది. నలుగురూ గాజు దగ్గరికి వంగి చూశారు. ఏమీ కాలేదు. ఆరు చేపలూ దగ్గరికొచ్చి చూసి వెళ్ళాయి.

"చూశావా, చుట్టమొస్తే పలకరించి పోయినట్టు పోయాయి" అన్నాడు నవీన్. జోజప్ప పెద్దగా నవ్వాడు, అవసరమైనదానికంటే పెద్దగా. ఆంజనేయులు కోడిగుడ్ల పులుసు పెట్టాడు. నలుగురూ కింద కూర్చుని తిన్నారు. పులుసులో ఉప్పెక్కువైందని నవీన్ అంటే, నీ మొహానికి అదే ఎక్కువని ఆంజనేయులు అన్నాడు. ఉమాశంకర్‌కి ముద్ద గొంతు దిగింది. తన చోటు తనకి దొరికిందనిపించింది.

ఒంటిగంటకి గాలిదుమ్ము లేచింది. ఎ.కొండూరు దారిలో తీగ తెగిందని ఆంజనేయులుకి ఫోనొచ్చింది. జోజప్ప అప్పటికే ట్యూషన్‌కి వెళ్ళిపోయాడు. నవీన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మంచం మీద అడ్డంగా పడుకున్నాడు. ఆంజనేయులు బూట్లు తొడుక్కుంటూ గాజుగ్లాసు తీసి ఉమాశంకర్ చేతికిచ్చాడు.

"కూర్చుని చూస్తూ ఉండరా శంకరం. ఏ మాత్రం తేడా వచ్చినా నీదాన్ని ముంచి తీసెయ్. ఒక్కదాన్ని తీస్తే చాలు, మిగతావి సర్దుకుంటాయి. కునుకు తియ్యకు."

"తియ్యనన్నా."

కరెంటు పోయింది. గది వేడెక్కింది. పీటమీద కూర్చుని, గ్లాసు చేతిలో పట్టుకుని ఉమాశంకర్ చూస్తున్నాడు.

రెండు కావొస్తుండగా మొదలైంది. లోపలివి ఏకమై తన చేప మీద పడతాయని అతను అనుకుంటూ ఉన్నాడు. నిజానికి, ఎందుకో, అదే జరగాలని ఎదురుచూస్తూ ఉన్నాడు. అలా జరిగితే అతనికి పెద్దగా నొప్పి ఉండేది కాదు. లోకం అంటే అంతే అని ఒక మాట అనుకుని తీసేసేవాడు. జరిగింది అది కాదు. ఎర్ర చేపొకటి, జోజప్ప పేరుతో పిలిచేది, తన దారిన తను ఆకు పక్కనుంచి పోతోంది. నీలం చేప ఆకు కిందనుంచి ఒక్క ఊపులో వచ్చి దాని పొట్ట కింద పట్టుకుంది. ఎర్రది తిరగబడలేదు. తప్పుకోవడానికి చూసింది. తప్పుకుంటే వదలడమనేది వాటి మధ్య మర్యాద. నీలం చేపకి ఆ మర్యాద గుర్తు లేదు. నలభై రోజులుగా అది చూసిన ఒకే ఒక్క చేప ఎప్పుడూ తప్పుకోలేదు మరి, ఎంతసేపు కలబడితే అంతసేపూ అదీ కలబడింది.

ఇప్పుడు తియ్యాలి అనుకున్నాడు ఉమాశంకర్. గ్లాసు నీళ్ళలో ముంచాడు. నీలం చేప గ్లాసు అంచు పక్కనే ఉంది. కాస్త చెయ్యి వంచితే చాలు, వచ్చి పడుతుంది.

చెయ్యి వంచలేదు.

తీస్తే మళ్ళీ సీసా. మళ్ళీ టేబుల్. మళ్ళీ జోజప్ప మంచం జరపడం. తనని తనే పట్టి బయట పెట్టుకున్నట్టు ఉంటుంది. ఇంకాస్త చూద్దాం, సర్దుకుంటాయేమో అని పైకే అనుకున్నాడు. కానీ ఆ మాట కింద వేరొకటి ఉంది. దాన్ని అతను చూడకుండా ఉండలేకపోయాడు. అతని గుండెల్లో బిగుసుకున్నది సడలుతోంది.

గ్లాసు బయటికి తీసి నేలమీద పెట్టాడు.

ఎర్రదాని తోక గుడ్డపీలికలా ఊడొచ్చింది. తర్వాత జరిగింది అతను ఊహించలేదు. ఇన్నాళ్ళూ కలిసి బతికిన ఆరింటికీ ఒక్కసారిగా ఒకటంటే ఒకటి కొత్తయిపోయింది. తెల్లది పచ్చదాని మీద పడింది. ఎప్పుడూ మూల వదలని నల్లది మధ్యలోకి వచ్చింది. టీ రంగు నీళ్ళలో పొలుసులు మెరుస్తూ కిందికి దిగుతున్నాయి. చప్పుడు లేదు. అంత చంపుకోవడంలోనూ నీటి పైన చిన్న బుడగ చిట్లిన చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. నవీన్ ఇయర్‌ఫోన్లలోంచి సన్నగా ఏదో పాట.

అరగంటో, ఇంకా ఎక్కువో. తన మొహం మీద ఏముందో ఉమాశంకర్‌కి కనబడలేదు. దవడలు మాత్రం నొప్పి పుట్టాయి.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడగానే లేచాడు. ఆలోచించి చేసిన పని కాదు. జోజప్ప మంచం మీదికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆంజనేయులు అరవలేదు. "అయ్యో" అని మాత్రం అన్నాడు, చిన్నపిల్లాడు పడితే అన్నట్టు. చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టాడు. బిందెలు, గిన్నెలు, చెంబులు, చేతికందిన ప్రతిదాంట్లోనూ ఒక్కో చేపని వేస్తున్నాడు. రెండు చచ్చిపోయాయి. ఆ గందరగోళానికి నవీన్ లేచి కూర్చున్నాడు.

"శంకరం! చూస్తూ ఉండమన్నా కదరా!"

ఉమాశంకర్ కళ్ళు నులుముకుంటూ లేచాడు. అతని నోట్లోంచి వచ్చిన మాట అతనికంటే ముందే తయారై కూర్చున్నట్టుంది. "రాత్రంతా నిద్ర లేదన్నా. కళ్ళు మూతలు పడుతుంటే నవీన్‌ని చూడమని చెప్పి పడుకున్నా."

నవీన్ ఇయర్‌ఫోన్లు తీశాడు. "నాకా? నాకెప్పుడు చెప్పావ్ బావా?"

"చెప్పాను కదరా. ఊ అన్నావ్."

అబద్ధమనడానికి నవీన్ దగ్గర ఆధారం లేదు. నిద్రలో ఊ అనడం అతనికి అలవాటే. గదిలో ఎన్నిసార్లో దానిమీద నవ్వుకున్నారు. పొద్దున ఆ పాడు జోకు వేసిందీ, లోపల వేసెయ్ అన్నదీ తనే. అతని మొహంలో అనుమానం మెల్లగా తన వైపుకే తిరగడం ఉమాశంకర్ చూశాడు.

"ఏమో అన్నా... అన్నానేమో. నాకు తెలీలేదు" అన్నాడు నవీన్.

ఆంజనేయులు అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఉప్పు నీళ్ళు కలిపాడు, మందు చుక్కలు వేశాడు, మూడు రోజులు డ్యూటీ మానేశాడు. సోమవారం నీలం చేప పోయింది. దాని పక్కలు కూడా చీలిపోయి ఉన్నాయి. దానికి కూడా అన్నిటితో పాటే ఉప్పు నీళ్ళు పట్టాడు ఆయన. దాన్ని పారెయ్యడానికి అరచేతిలో తీసుకున్నప్పుడు ఉమాశంకర్ భుజం మీద రెండో చెయ్యి వేశాడు. "నిన్ను అనవసరంగా కూర్చోబెట్టానురా. అంత కష్టంలో వచ్చినవాణ్ణి" అన్నాడు. ఆ చెయ్యి బరువుకి ఉమాశంకర్ నోటిదాకా వచ్చిన నిజం వెనక్కి పోయింది. ఆ చెయ్యి తీసేస్తే ఎలా అన్న భయం ఒక్కటే మిగిలింది.

వారం తిరిగేసరికి రెండే మిగిలాయి. చెరొక గిన్నెలో.

ఆ తర్వాత గదిలో గొడవలేం జరగలేదు. ఆంజనేయులు నవీన్‌తో మాట్లాడ్డం మానలేదు. నవీన్ వచ్చే వేళకి ఆయన భోజనం అయిపోతూ ఉండేది, అంతే. జోజప్ప అటూ ఇటూ కాకుండా రెండు సార్లు తినేవాడు, ఇద్దరితోనూ కొంచెం కొంచెం. నవీన్ జోకులు తగ్గిపోయాయి. రాత్రి ఏదైనా అడిగితే ఊ అనడం మానేసి, లేచి కూర్చుని జవాబు చెప్పేవాడు. ఒకరోజు ఫోనులో అలారంలాంటిదేదో పెట్టుకుని నిద్రలో తన మాటలు రికార్డు చేసుకుంటున్నాడని జోజప్ప చెప్పాడు. "పాపం, మనిషి తన మీద తనే నిఘా పెట్టుకున్నాడయ్యా" అన్నాడు మాస్టారు, ఉమాశంకర్ వంక చూడకుండా. చూడకపోవడం ఊరికేనో, కావాలనో అతనికి తెలియలేదు.

నెలాఖరున నవీన్ తన కొట్టు వెనకే గది దొరికిందని చెప్పాడు. ఉండమని ఎవరూ అనలేదు.

శనివారం పొద్దున మధిర రోడ్డు మీద ట్రాలీ ఆటో ఆగింది. ఆంజనేయులు డ్యూటీకి వెళ్ళిపోయాడు, ఆ వేళ కావాలనే తొందరగా. పెట్టెలూ స్టవ్వూ దింపాక మంచం మిగిలింది. ఒక్కడివల్ల కాదు. ఉమాశంకర్ వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాడు.

నవీన్ మంచం ఎత్తబోయి ఆగాడు.

"బావా, ఒక్క మాట. ఆవేళ నేను నిజంగానే ఊ అన్నానా?"

అడగడంలో నిలదీత లేదు. ప్రాధేయపడుతున్నట్టుంది. కాదని ఒక్క మాట అంటే అతను మంచం దించేసేవాడు. ఆ మాట అన్నవాడు మాత్రం తన పెట్టె పట్టుకుని ఎటైనా పోవాలి. ఎటు? మేడ కింద ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది మూడోసారికి అందుకుంది.

"అన్నావురా" అన్నాడు ఉమాశంకర్. "గట్టిగానే అన్నావ్."

నవీన్ తల ఊపాడు. చాలా రోజులుగా అటూ ఇటూ ఊగుతున్నదేదో ఒక పక్కకి ఒరిగినట్టు, కాస్త నెమ్మదించినట్టు కూడా కనబడ్డాడు. "అయ్యుంటుందిలే. నా నిద్ర అలాంటిది" అన్నాడు.

ఇద్దరూ మంచం ఎత్తారు. బరువంతా తన వైపు పడేట్టు నవీన్ కింది వైపు పట్టుకుని, వెనక్కి వెనక్కి మెట్లు దిగుతున్నాడు. సందు ఇరుకు. మలుపులో అతను మంచం కోడు కింద తల వంచి, పైకి చూసి అన్నాడు:

"మెల్లగా బావా. అక్కడ మెట్టు పగిలింది, చూసుకో."

ఉమాశంకర్ చూసుకుని కాలు పెట్టాడు.